నీటి మీద రాతలు

సాహిత్య పాఠాలు చెప్పుకొని బ్రతికేవాడికి మంచినీళ్ళ సీసాతో ఏమి పని అని కొందరు మిత్రులు అడగవచ్చు. సీసా మీద రాత ఉన్నది. రాత ఉన్నచోట విమర్శకుడికి పని ఉన్నది. ప్రబంధకవి వాడిన ఒక్క విశేషణానికి నాలుగు అర్థాలు లాగి నలుగురిచేత భేష్ అనిపించుకొనే మన పండితులు, రోజూ చేతికి వచ్చే ఈ నాలుగంగుళాల కాగితాన్ని చదివిన పాపాన పోలేదు. ఇవాళ తెలుగునాట ఎక్కువ ప్రతులు అచ్చయ్యే రచన బహుశా ఇదే. దీనికి పాఠకులు లేరు, తాగేవాళ్ళు మాత్రమే ఉన్నారు.

చదువుదాము. తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు నంబరు, బ్యాచి నంబరు, నింపిన తేదీ, ఎన్నాళ్ళలోగా తాగాలో ఆ గడువు. ఆ తర్వాత చీమ తలకాయంత అక్షరాలలో ఒక వాక్యం: చల్లని, శుభ్రమైన చోట, ఎండ తగలకుండా నిలవ చేయవలెను. మాటలు ఒక్కో సీసా మీద కొంచెం మారవచ్చు, భావం ఇదే. చాలా సీసాల మీద అదీ ఇంగ్లీషులోనే. నా వాదమంతా ఈ ఒక్క వాక్యాన్ని గురించే.

వ్యాకరణరీత్యా ఇది కర్త కనపడని వాక్యం. నిలవ చేయవలసినవాడు ఎవడు? నీళ్ళు నింపినవాడా, లారీకి ఎత్తినవాడా, కొట్టు ముందు అట్టపెట్టెలు పేర్చినవాడా, గొంతు తడుపుకోవడానికి ఇరవై రూపాయలు ఇచ్చినవాడా? కవిత్వంలో కర్తను దాచిపెడితే ఒక అందం వస్తే రావచ్చు. వ్యాపారంలో కర్తను దాచిపెట్టడమంటే చేతులు దులుపుకోవడమే. ఫ్యాక్టరీ గుమ్మం దాటేదాకా నీళ్ళ మంచిచెడ్డలు నావి, దాటిన తర్వాత నీవి, ఎండవి, దేవుడివి అని ఈ వాక్యం చెబుతున్నది.

ఇక ఈ వాక్యాన్ని అనంతపురానికి తీసుకురండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే పీఠభూమి ఇది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. ఇక్కడ ‘చల్లని చోటు’ ఎక్కడ ఉన్నది? గుంతకల్లు స్టేషనులో బండి దిగి చూడండి. ఉరవకొండ, కళ్యాణదుర్గం, కదిరి బస్టాండ్ల ముందు చూడండి. కొట్టువాడికి లోపల ఉన్న జాగా బియ్యానికి, బెల్లానికి, సిగరెట్లకే చాలదు. కరిగిపోయే సరుకు, చీమలు పట్టే సరుకు లోపల. ఎండకు ఏమీ కాదని అతడనుకొనే సరుకు బయట. నీళ్ళ కట్టలు బయటనే. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి వాటిమీద నీడ ఉండదు. మూసిన వ్యానులోనైతే బయటికంటే పదిహేను ఇరవై డిగ్రీలు ఎక్కువ వేడి. రేకుల ఇంట్లో కాపురం ఉండే కూలీ మనిషికి చల్లని చోటు ఉంటే ముందు తన పసిబిడ్డను అక్కడ పడుకోబెట్టుకొంటుంది, నీళ్ళ డబ్బాను కాదు.

ఈ నీళ్ళకు జనం పెట్టుకొన్న పేరు ‘మినరల్ వాటర్’. వీధి మొగలో బోరు నీళ్ళు వడగట్టి అమ్మే కేంద్రం బోర్డు మీదా అదే పేరు. ఇంతకంటే తలక్రిందుల పేరు మరొకటి లేదు. మన దేశపు ప్రమాణాల సంస్థ లెక్క ప్రకారం సహజ ఖనిజ జలానికి ఒక ప్రమాణం, ప్యాకేజి చేసిన తాగునీటికి మరొక ప్రమాణం ఉన్నవి. మొదటిది ఊటలోనే ఖనిజాలు కలిగి, వాటి పాళ్ళు మారకుండా సీసాకు ఎక్కవలసిన నీరు. మన వీధిలో దొరికేది రివర్స్ ఆస్మోసిస్ యంత్రంతో ఖనిజాలను చాలావరకు ఊడబెరికిన నీరు. ఉన్నదాన్ని తీసివేసి, తీసివేసినదాని పేరుతోనే అమ్ముతున్నారు. అలంకారశాస్త్రంలో దీనికి ఏదో ఒక పేరు దొరకకపోదు. బజారు భాషలో మాత్రం ఒకటే పేరు.

అయితే ఖనిజాలు పోవడం ఇక్కడ అసలు సంగతి కాదు. కాపలా పోవడం అసలు సంగతి.

కొళాయి నీళ్ళలో క్లోరిన్ వాసన వస్తే మనం మొగం చిట్లించుకొంటాము. ఆ వాసన ఎందుకు ఉన్నదో ఎవరూ చెప్పరు. తాగునీటి భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం క్లోరిన్ కలిపిన నీటిలో, అది వాడేవాడి ఇంటికి చేరిన చోట సైతం, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. శుద్ధి చేసిన రోజున చంపిన క్రిములకు అది చాలు; ఈ మిగులు దేనికంటే, దారిలో పైపు పగిలిన చోట, తొట్టిలో, బిందెలో కొత్తగా చేరే క్రిములకు. అనగా నీటితోబాటు ఒక కాపలావాడు కూడా ఇంటిదాకా నడిచి వస్తున్నాడు. ఇప్పుడు శుద్ధి కేంద్రంలో జరిగేది చూడండి. మొదట బొగ్గు గొట్టం ఉన్న క్లోరిన్‌ను పీల్చివేస్తుంది, లేకుంటే లోపలి పొర చెడిపోతుంది గనక. తర్వాత పొర లవణాలను ఆపుతుంది. అతినీల కాంతి ఆ క్షణాన ఆ గొట్టంలో ఉన్న క్రిములను చంపుతుంది. గొట్టం దాటిన నీటికి ఆ కాంతితో సంబంధం తెగిపోయింది. ఓజోను పట్టిస్తే అదీ కొద్ది గంటలలో మామూలు ప్రాణవాయువుగా మారిపోతుంది. ఇవన్నీ గుమ్మం లోపల జరిగే పనులు. గుమ్మం బయట నీళ్ళు ఒంటరివి. అందుచేతనే అవి రుచిగా ఉంటవి. మనం రుచి అనుకొంటున్నది కాపలా లేకపోవడం.

యంత్రాలమీద, శుభ్రమైన గదిలో, కొత్త సీసాలో నింపి సీలు వేసిన నీళ్ళు కాపలా లేకపోయినా నెలలతరబడి బాగానే ఉండవచ్చు. పరీక్షలు గట్టివి కూడా: 250 మిల్లీలీటర్ల నమూనాలో మలసంబంధమైన ఇ.కోలి గాని, సూడోమోనాస్ ఏరుజినోసా అనే క్రిమి గాని ఒక్కటి సైతం కనిపించరాదు. కాని ఏ నీరూ పూర్తిగా నిర్జీవం కాదు. మిగిలిన కొద్దిపాటి సూక్ష్మజీవులు వెచ్చని చోట నిలవ ఉంటే కొద్ది రోజులలోనే వేలలోకి పెరుగుతవి. వాటిలో ఎక్కువ భాగం ఆరోగ్యవంతుణ్ణి ఏమీ చేయవు. అయితే ఈ సూడోమోనాస్ దాదాపు పోషకాలు లేని నీటిలో కూడా పెరగగల జాతి. పసిబిడ్డలకు, ముసలివారికి, జబ్బుతో ఉన్నవారికి అది ప్రమాదమే. అంటే నింపిన రోజున తీసిన పరీక్ష సర్టిఫికెట్టు, నెల తర్వాత ఎండలో ఉన్న సీసాను గురించి పూర్తిగా చెప్పలేదు. మెట్రిక్యులేషన్ మార్కుల జాబితా చూపించి ముప్పై ఏళ్ళ తర్వాత కూడా తెలివిగలవాడనని వాదించేవాళ్ళు లేకపోలేదు; నీళ్ళ విషయంలో మనమందరం ఆ వాదాన్ని నమ్ముతున్నాము.

సీసాది ఇంతవరకు. డబ్బా సంగతి వేరు. అనంతపురంలో బీదసాదలు తాగేది సీసా కాదు, ఇరవై లీటర్ల డబ్బా. ఆ డబ్బా ప్రయాణం నేను చెప్పనక్కరలేదు, పాఠకులు రోజూ చూస్తున్నదే. ఖాళీ డబ్బా ట్రాలీ ఆటోలో తిరిగి వస్తుంది. లోపల చేయి పట్టదు. రెండు గ్లాసుల నీళ్ళు పోసి గిలకరించి పారబోస్తారు. తీరిక ఉంటే బ్రష్షు పెడతారు. నింపుతారు. మూత అరచేత్తో అదిమి కొడతారు, సీలు లేదు. మళ్ళీ ఆటోలో ఎండలో రెండు గంటలు. మూడో అంతస్తుకు దాన్ని భుజాన మోసుకొని పోయే కుర్రవాడి చెమట చేయి మూతిమీదనే. ఇంట్లో దాన్ని వంచడం చేతగాక గ్లాసు ముంచుతారు, లేదా కొళాయి ఉన్న తొట్టిమీద బోర్లిస్తారు. ఆ తొట్టిని ఎప్పుడు కడిగారంటే ఇంటివాళ్ళు ఒకరి మొగం ఒకరు చూసుకొంటారు. పారదర్శకమైన నీలి డబ్బాకు ఎండ తగిలితే లోపలి అంచున పచ్చని పాచి పడుతుంది. కంటికి కనపడే పాచి అది. కంటికి కనపడని జిగురు పొర అంతకు ముందే పట్టి ఉంటుంది. క్రిములు దాని చాటున కాపురముంటవి, పై పైన తొలిపితే పోవు. ఒక కళాశాల అధ్యాపకుల గదిలో డబ్బా అడుగున పాచి చూసి నేను ఫిర్యాదు చేస్తే, నీళ్ళు మార్చలేదు. డబ్బాకు గుడ్డ తొడుగు కుట్టించారు. పాచి కనిపించడం మానింది.

ఇది అనంతపురానికే పట్టిన శని కాదు. 2004లో వర్ధమాన దేశాల నుంచి వచ్చిన 57 అధ్యయనాలను కలిపి పరిశీలించిన ఒక సమీక్ష, ఊట దగ్గర మంచిగా ఉన్న నీరు ఇంటికి వచ్చి నిలవ ఉండేసరికి చాలా సందర్భాల్లో కలుషితమవుతున్నదని తేల్చింది. నీటి పరిశుభ్రత ఊట దగ్గర తేలే లెక్క కాదు, పెదవి దగ్గర తేలే లెక్క.

చదువుకొన్న మధ్యతరగతి మాత్రం వేరే భయంతో నిద్ర మానుకొన్నది. ఎండలో పెట్టిన ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు తాగితే క్యాన్సరు వస్తుందని సెల్‌ఫోనులో వచ్చిన మాటను నలుగురికీ పంచి పుణ్యం కట్టుకొంటున్నారు. ఇందులో నిజమెంతో చూద్దాము. సీసా తయారయ్యే పెట్ ప్లాస్టిక్‌లో ఆంటిమొని అనే లోహం జాడలు ఉంటవి. వేడికి అవి నీళ్ళలోకి దిగుతవి. అమెరికాలో మనలాంటి ఎండ ప్రాంతమైన ఆరిజోనాలో 2008లో ఈ సంగతి కొలిచారు. 60 డిగ్రీల వద్ద ఆ దేశపు హద్దు, అనగా లీటరుకు 6 మైక్రోగ్రాములు, దాటడానికి 176 రోజులు పట్టింది. 80 డిగ్రీల వద్ద రెండున్నర రోజులు కూడా పట్టలేదు. మన కొట్టు ముందరి సీసా 80 డిగ్రీలకు పోదు. మూసిన వ్యానులో వారాలతరబడి మగ్గిన సీసా సంగతి ఆలోచించదగినదే, కాని రెండు రోజులు ఎండలో ఉన్న సీసా విషం కాదు. 2024 జనవరిలో కొలంబియా విశ్వవిద్యాలయం వారు లీటరు సీసా నీటిలో సగటున 2,40,000 ప్లాస్టిక్ తునకలు లెక్కపెట్టారు, నూటికి తొంభై అతిసూక్ష్మమైనవి. అవి ఒంట్లో ఏమి చేస్తవో శాస్త్రజ్ఞులు ఇంకా తేల్చవలసి ఉన్నది. తేలేదాకా జాగ్రత్త మంచిదే. కాని వాంతులు, విరేచనాలు రేపటిదాకా ఆగవు. డబ్బాలోని పాచిని చూడకుండా సీసాలోని లోహాన్ని గురించి వణికే భయం, రాగి చెంబు కొనుక్కోగలవాడి భయం. ఏ ప్రమాదం ఎవరిదో విడదీసి చూడకపోతే శాస్త్రం కూడా ఒక వర్గం ముచ్చటగా మిగిలిపోతుంది.

మరి చట్టం లేదా? ఉన్నది. 2001 మార్చి నుంచి ప్యాకేజి చేసిన తాగునీటికి ప్రమాణాల సంస్థ ముద్ర తప్పనిసరి అయినది. 2003 ఫిబ్రవరిలో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం వారు ఢిల్లీ, ముంబయి ప్రాంతాల్లో అమ్మే సీసాలు పరీక్షించి, పెద్ద పెద్ద పేర్లున్న నీళ్ళలో సైతం పురుగుమందుల అవశేషాలు ఉన్నవని బయటపెట్టారు. అప్పుడు గాని ఆ అవశేషాల హద్దులు బిగించలేదు. 2024 అక్టోబరులో ఆహార భద్రత సంస్థ ఆ తప్పనిసరి ముద్రను తీసివేసింది. ఒకే సరుకుకు రెండు సంస్థల లైసెన్సులు వ్యాపారికి భారమన్నది కారణం. నెల దాటి కొద్ది రోజులకే, నవంబరు 29న, అదే సంస్థ ఈ నీటిని ‘అధిక ప్రమాద’ ఆహారాల వర్గంలో చేర్చింది. అందుచేత తనిఖీలు, ఏడాదికొకసారి బయటివారి ఆడిట్ అన్నది. అక్టోబరులో భారమైన జాగ్రత్త నవంబరుకు అవసరమయ్యేటంతగా నీళ్ళలో ఏమి మారిందో పాఠకులే ఊహించుకోవాలి.

ఇవన్నీ సీలు ఉన్న సీసాల కోసం రాసుకొన్న మాటలు. ప్యాకేజి చేసిన తాగునీరు అంటే సీలు వేసిన పాత్రలో నింపినది అని ప్రమాణమే నిర్వచించింది. 2006 నాటి ఆహార భద్రత చట్టం ‘ఆహారం’ అనే మాటను వివరిస్తూ ప్యాకేజి చేసిన తాగునీటిని పేరు పెట్టి చేర్చుకొన్నది. సీలు లేని డబ్బా ఆ వాక్యం బయట నిలబడి బేరం చేసుకొంటున్నది. లేబులు లేదు గనక దానిమీద అబద్ధమూ లేదు, తేదీ లేదు గనక గడువూ లేదు. బస్సులో సీసా కొన్నవాడికి కనీసం ఒక పనికిమాలిన వాక్యమైనా దక్కుతున్నది. రోజూ డబ్బా కొనే కూలీకి అదీ లేదు. ఒకే ఊరిలో రెండు రకాల తాగేవాళ్ళను తయారుచేసి, బీదవాళ్ళ పాత్రను నిర్వచనం బయట పెట్టడం పొరపాటున జరిగిందంటే నమ్మడం కష్టం.

ఇక్కడ ఒక మేధావి లేచి, అట్లా అయితే వీధి కేంద్రాలన్నీ మూయించి, పేరున్న కంపెనీలకే అప్పగించండి అంటాడు. మూయిస్తే ఎవరికి లాభమో వేరే చెప్పనక్కరలేదు. కంపెనీ పేరే పరిశుభ్రతకు పూచీ అయితే 2003 నాటి పురుగుమందులు ఎక్కడినుంచి వచ్చినవి? 2004 మార్చిలో కోకాకోలా కంపెనీ బ్రిటనులో తన ‘దసాని’ సీసాలు సుమారు అయిదు లక్షలు వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఊరి కొళాయి నీటినే శుద్ధి చేసి సీసాకు పట్టారు. ఆ శుద్ధిలో పట్టించిన ఓజోను వల్లనే బ్రోమేట్ అనే పదార్థం హద్దు మించి తయారయింది. కొళాయి నీటికంటే సీసా నీరు అధ్వాన్నమైనదన్నమాట. వీధి కేంద్రంవాడిని నేను వెనకేసుకు రావడం లేదు. కాని అతడు చాలాచోట్ల వేరుసెనగ ఎండిపోయి, బోరు మాత్రం మిగిలిన రైతే. పంట పండని బోరులో డబ్బాలు పండిస్తున్నాడు. ఆ బోరుకు 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం వర్తిస్తుంది. యంత్రం సగానికి సగం, ఒక్కొక్కచోట అంతకంటే ఎక్కువ నీటిని మురిక్కాలువకు వదిలేస్తుంది. 2019 మేలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఈ వృథాను తప్పుపట్టింది కూడా. వెయ్యి అడుగుల లోతు నుంచి తోడిన నీటిని కరవు నేలమీద కాలువపాలు చేసి, మిగిలిన సగాన్ని ఎండలో నిలవబెట్టి అమ్మే ఏర్పాటును ఏ రాజకీయ అర్థశాస్త్రం సమర్థిస్తుంది?

“జనానికి చైతన్యం లేదు, డబ్బా కడుక్కోవడం నేర్పాలి” అనేది మరొక రకం వాదం. ఇది మన ఉపాధ్యాయ మిత్రులకు ఇష్టమైన వాదం. కడుక్కోవడం నేర్పండి, మంచిదే. దేనితో కడగాలి? కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చే వీధిలో డబ్బాను డబ్బా నీళ్ళతోనే కడగాలి. లెక్క వేసి చూడండి: డబ్బా పది రూపాయలనుకొంటే, రోజుకు రెండు డబ్బాల చొప్పున నెలకు 600. 2024-25లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 300. నెలలో రెండు రోజులు మట్టి తవ్వి గొంతు తడుపుకోవాలి. ఆ నీళ్ళతో డబ్బా కడగమని చెప్పడానికి నోరెట్లా వస్తుంది?

ఇక పాతకాలపు నీళ్ళను తలచుకొని కన్నీళ్ళు పెట్టుకొనే భావుకులు మిగిలారు. వంకలో చెలమ తవ్వుకొని తాగిన నీళ్ళు, కుండ చల్లదనం, చలివేంద్రం పుణ్యం. నీళ్ళను అమ్ముకోవడం పాపమనుకొన్న సంస్కృతి మనదట. అనంతపురం పుట్టుకే ఒక చెరువు. విజయనగర రాజుల కాలంలో పండమేరుకు అడ్డంగా కట్టిన అనంతసాగరం పేరే ఊరికి వచ్చిందని స్థలచరిత్ర చెబుతుంది. అంతవరకు నిజం. ఆ నీళ్ళు ఎవరివి? చలివేంద్రంలో కొందరికి చెంబు చేతికిచ్చారు, కొందరి దోసిట్లో ఎత్తునుంచి పోశారు. బావి గట్టు కింద బిందె పెట్టుకొని, పై కులంవాళ్ళు ఎప్పుడు తోడి పోస్తారా అని పొద్దంతా కూర్చున్న ఆడవాళ్ళ జ్ఞాపకాలలో ఈ పుణ్యం కనపడదు. 1927 మార్చి 20న అంబేడ్కర్ మహద్‌లో చెరువు నీళ్ళు దోసిట పట్టి తాగడం ఒక పోరాటం కావలసివచ్చిన దేశం ఇది. డబ్బా కొన్నవాణ్ణి నీ కులమేమని ఆటోవాడు అడగడు. ఈ ఒక్క సుగుణం డబ్బాకు ఉన్నది, కాదనడం అన్యాయం.

ఆ పాత నీళ్ళు పరిశుభ్రమైనవీ కావు. రాయలసీమ మెట్ల బావులలో కాళ్ళు పెట్టి నీళ్ళు ముంచుకొన్న తరాలు నారికురుపుతో కుళ్ళినవి. కాలి పుండు నుంచి పురుగు బావిలోకి, బావి నుంచి కడుపులోకి. ఆ జబ్బు పోయింది. దేశంలో చివరి రోగి 1996 జూలైలో రాజస్థాన్‌లో నమోదయినాడు. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశానికి విముక్తి పత్రం ఇచ్చింది. ఎట్లా పోయింది? మెట్ల బావులను చేదబావులుగా మార్చారు, బోరింగులు వేశారు, నీళ్ళు గుడ్డతో వడగట్టడం నేర్పారు, ఊరూరా తిరిగి రోగులను లెక్కపెట్టారు. ప్రభుత్వ సొమ్ముతో, చిరుద్యోగుల కాళ్ళతో జరిగిన పని. ఒక్క సీసా అమ్మలేదు. ప్రభుత్వం చేతకానిది, మార్కెట్టు చేతనయినది అని పాఠం చెప్పేవాళ్ళు ఈ అధ్యాయం ఎందుకు వదిలేస్తారో నాకు అర్థమవుతూనే ఉన్నది.

దానికి మరొక అధ్యాయం కూడా ఉన్నది, అది మనకు అనుకూలమైనది కాదు. బోరు లోతుకు పోయేకొద్దీ ఫ్లోరైడు వచ్చింది. మన దేశంలో ఈ జబ్బును మొట్టమొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెలను చూసి. అనంతపురం పల్లెల్లోనూ పళ్ళకు గార, కీళ్ళకు బిగుసు పట్టించిన నీళ్ళు ఉన్నవి. ఫ్లోరైడు కాచినా పోదు, గుడ్డతో వడగట్టినా పోదు. డబ్బా నీళ్ళు తయారుచేసే యంత్రంతో పోతుంది. కనుక డబ్బా మానుకోండి అని నేను చెప్పడం లేదు. ఫ్లోరైడు పల్లెలో డబ్బా మానుకోమనడం క్రూరత్వం. ఎముకను కాపాడుకోవడానికి కొన్న నీళ్ళు పేగును చెడగొట్టరాదు, అంతే నేను అనేది.

నది నీళ్ళు ఈ జిల్లాకు రాకపోలేదు. పెన్న అహోబిలం జలాశయం ఉన్నది. తుంగభద్ర ఎగువ కాలువ ఉన్నది. 2012లో హంద్రీ-నీవా కాలువ కృష్ణ నీళ్ళను జీడిపల్లి దాకా తెచ్చింది. 1990ల నడుమ సత్యసాయి ట్రస్టు వేసిన పైపులు వందల పల్లెలకు మంచినీళ్ళు చేర్చినవి. ప్రభుత్వం చేయవలసిన పని ఒక ట్రస్టు చేయవలసి రావడం ఒక సిగ్గు. ఆ పైపులను కనిపెట్టుకొని ఉన్న కార్మికులు తర్వాత జీతాల బకాయిల కోసం పలుమార్లు సమ్మెకు దిగవలసి రావడం మరొక సిగ్గు. 2014 అక్టోబరు 2న ఎన్.టి.ఆర్. సుజల పథకమని ఇరవై లీటర్లు రెండు రూపాయలకు ఇవ్వడం మొదలుపెట్టారు. ధర తగ్గించారు, బాగున్నది. కాని అక్కడ కూడా చూపు కేంద్రం గుమ్మం దగ్గరనే ఆగిపోయింది. డబ్బా ఎవరిది, ఎట్లా కడిగారు, ఇంట్లో ఎన్నాళ్ళు ఉన్నది అన్న ప్రశ్న పథకం ఊహలోకే రాలేదు. 2019లో మొదలైన జలజీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లన్నది. ఆ కొళాయి చివర 0.2 మిల్లీగ్రాముల కాపలా ఉన్నదో లేదో చూసేవాడు కూడా కావాలి.

కరవును గురించి సీమ సాహిత్యం తక్కువేమీ రాయలేదు. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ నుంచి సింగమనేని నారాయణ, బండి నారాయణస్వామి కథల దాకా రాని వానను, ఎండిన బావిని, అప్పుల రైతును మనం చదివి కన్నీరు పెట్టుకొన్నాము. కాని వాన రాకపోవడం కాక, వచ్చిన నీళ్ళు సరుకుగా మారి రోజూ మన గుమ్మంలోకి బేరానికి రావడాన్ని పట్టుకొన్న రచనలు నా కంటపడినవి వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. కరవు అంటే ఆకాశం వంక చూడటమే అలవాటయింది మనకు. ఆకాశం లైసెన్సులు ఇవ్వదు, ధరలు పెంచదు. ఇవి చేసేవాళ్ళు నేలమీదనే ఉన్నారు, కొందరు మన చుట్టాలు కూడా.

అడగవలసినవి పెద్ద కోరికలు కావు. అమ్మే ప్రతి డబ్బాకూ, సీలు ఉన్నా లేకపోయినా, చట్టం వర్తించాలి. డబ్బామీద నింపిన తేదీ తెలుగులో ఉండాలి. పరీక్ష కేంద్రం దగ్గర నమూనాతో ఆగక, కొట్టు ముందు ఎండలో ఉన్న సీసా నుంచి, ఇంటి గడపలో ఉన్న డబ్బా నుంచి నమూనా తీయాలి. నీడ లేని కొట్టుకు నీళ్ళు వేసిన పంపిణీదారుణ్ణి అడగాలి, కొట్టువాణ్ణి కాదు. ‘నిలవ చేయవలెను’ అన్న వాక్యానికి ఒక కర్తను పెట్టాలి, ఆ కర్త చిరునామాతో సహా.

ప్రభుత్వ ప్రయోగశాల తలుపు తెరిచేదాకా విద్యార్థి మిత్రులు ఊరుకోనక్కరలేదు. 1982లో మన శాస్త్రజ్ఞులే ఒక చవక పరీక్ష కనిపెట్టారు. మందు పట్టించిన కాగితపు ముక్క ఉన్న చిన్న సీసాలో నీళ్ళు పోసి, మామూలు గది వేడిలో ఒకటి రెండు రోజులు ఉంచితే, మలసంబంధమైన కల్మషం ఉన్న నీరు నల్లబడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ పరీక్ష అంటారు. యంత్రం అక్కరలేదు, డిగ్రీ కూడా అక్కరలేదు. రసాయనశాస్త్ర శాఖవారు రెండు రోజులు సాయం చేస్తే చాలు. ఒక వీధిని తీసుకోండి. ఒకే రోజు నింపిన డబ్బానుంచి మూడు నమూనాలు: కేంద్రం గొట్టం దగ్గర ఒకటి, ఆటో మధ్యాహ్నం మూడు గంటలకు ఆగిన చోట ఒకటి, మూడో రోజు ఇంట్లో తొట్టి కొళాయి నుంచి ఒకటి. ప్రతి సీసామీద చోటు, తేదీ, గంట రాయండి. ఏ సీసా ఎప్పుడు నల్లబడిందో పట్టిక వేసి, తెలుగులో, చీమ తలకాయంత కాని అక్షరాలలో, ఆ వీధి మొగలోనే అంటించండి.